గరివిడి మాంగనీస్‌తో బీమ్‌టైమ్‌కి వెళ్లేముందు

గరివిడి, చీపురుపల్లి గనుల మాంగనీస్ రాయి పట్టుకుని, అది ఎక్స్‌రేని ఎలా పీల్చుకుంటుందో కొలవడానికి ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్‌కి (బలమైన ఎక్స్‌రే కిరణాలిచ్చే యంత్రం; అక్కడ మనకిచ్చే సమయమే బీమ్‌టైమ్) వెళ్తున్నారా? అక్కడ పాడయ్యేది తక్కువ. పని చెడేది ఇక్కడే, రోట్లో.

ఇనప రోలు ముట్టుకోవద్దు, అగేట్ (గట్టి రాయి) రోలే వాడండి. కిరణం శక్తిని మెల్లగా పెంచుతూ కొలుస్తాం, అదే స్కాన్. మాంగనీస్‌లో అన్నిటికన్నా లోపలి (1ఎస్) ఎలక్ట్రాన్ 6539 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర లేస్తుంది, ఇనుముది 7112 దగ్గర. అక్కడ పీల్చుకోవడం ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ మెట్టునే ఎడ్జ్ అంటారు. రాయిలో ఇనుముంటే మాంగనీస్ స్కాన్ 7112 లోపే ఆపాలి. ఇనుమునీ కొలిచే ఉద్దేశముంటే, రోలు నుంచి రాలిన పొడి ఆ లెక్కంతా తప్పిస్తుంది. నూరేటప్పుడు మాస్క్ తప్పదు, మాంగనీస్ ధూళి నరాలకు చేటు.

400 మెష్ జల్లెడ దాటింది కదా అని ఊరుకోకండి. దాని కన్నం సుమారు 38 మైక్రాన్లు, మనకి 5 లోపు గింజ కావాలి. గింజ పెద్దదైతే దాని లోపల కిరణం మొత్తం ఇంకిపోతుంది, పక్క సందుల్లోంచి ఏమీ తాకకుండా జారిపోతుంది. ఎడ్జ్ చదునుగా వస్తుంది. పొడిని అసిటోన్‌లో కలిపి, 5 సెంటీమీటర్ల ఎత్తులో 5 నిమిషాలు ఉంచి, పైన మబ్బుగా ఉన్నది వేరే గిన్నెలోకి వంచండి, మనకి కావలసిన సన్న పొడి అదే. అడుగున మిగిలింది పారేస్తే బరువైన ఖనిజం పోయినట్టే, మళ్లీ నూరి, వంచిన దాంట్లోనే కలపాలి. దగ్గర్లో మంట ఉండకూడదు.

పొడిని నొక్కి బిళ్ల చేసి కిరణానికి అడ్డంగా పెడతాం. 13 మిల్లీమీటర్ల బిళ్లకి మాంగనీస్ 3.4 మిల్లీగ్రాములు చాలు. 40 శాతం రాయైతే 8.5 మిల్లీగ్రాములు, దాన్ని పలచన చేయడానికి 100 మిల్లీగ్రాముల బోరాన్ నైట్రైడ్ పొడి. దాని బదులు సెల్యులోజ్ చవకే, కానీ మన వానాకాలపు చెమ్మకి బిళ్ల ఉబ్బి పగులుతుంది. పోలికకి పొటాషియం పర్మాంగనేట్ పెడితే దానికి సెల్యులోజ్ అసలే వద్దు, అది మంట పెట్టే జంట. బిళ్లలకి కాప్టన్ టేపు (ఎక్స్‌రేని పెద్దగా ఆపని ప్లాస్టిక్ టేపు) వేసి, సిలికా జెల్‌తో జిప్ కవర్లో పెట్టండి.

కిరణమే మాంగనీస్‌ని క్షయకరణం చేయగలదు (దానికి ఎలక్ట్రాన్లు చేర్చగలదు), అప్పుడు ఎడ్జ్ తక్కువ శక్తి వైపు జరుగుతుంది. మొదటి స్కాన్ మీద మూడోది పెట్టి చూడండి, జరిగితే బిళ్లలో కొత్త చోటికి మారండి. జపాన్‌లోని సాక్లా ఎక్స్‌రే లేజర్‌లో సుమారు 10 ఫెమ్టోసెకన్ల (ఫెమ్టోసెకను అంటే సెకనులో పది కోట్ల కోట్లో వంతు) పల్స్‌తో ఈ చిక్కు తప్పించుకున్నారు: అణువులు కదిలేలోపే పల్స్ అయిపోతుంది. కిరణజన్య సంయోగక్రియలోని మాంగనీస్ గుంపు ఆకృతిని 2015లో అలాగే చూశారు. మన దగ్గర మాత్రం ఒక్కో స్కాన్‌కీ చోటు మార్చాల్సి రావచ్చు, అందుకని ఒక్కో నమూనాకి మూడు బిళ్లలు చేసుకోండి.