మూసీ నీళ్లు పారే మడిలో లోహాల పరీక్షకు మట్టి ఎలా తీయాలి?

హైదరాబాద్ దిగువన మూసీ నీళ్లతో పాలకూర, తోటకూర, పశువుల గడ్డి పండించే మడుల్లో ఆకు పసుపు పడిందంటే వెంటనే యూరియా చల్లేస్తారు. ముందు ఒక మొక్క పీకి వేరు కడిగి చూడండి. మట్టిలో క్యాడ్మియం, నికెల్ లాంటి విష లోహాలు ఎక్కువైతే వేరు పొట్టిగా, గోధుమరంగులో, పిల్ల వేర్లు లేకుండా కొరికిన పుల్లలా ఉంటుంది. అలాంటి వేరు నీళ్లు, ఇనుము సరిగా లాగలేదు, అందుకే ఆకులో ఈనెలకు (నరాలకు) మధ్యనున్న భాగం పాలిపోతుంది. యూరియాతో అది పోదు.

వేరు అలా కనిపిస్తే మట్టి పరీక్ష చేయించాలి. మట్టి తీయడానికి స్టీలు తాపీ, ప్లాస్టిక్ బకెట్, కొత్త పాలిథీన్ కవర్లు చాలు. జింకు పూత ఉన్న రేకు బకెట్ మాత్రం వద్దే వద్దు, ఆ జింకు మీ రిపోర్టులోకి వచ్చేస్తుంది. పైన చెత్త తీసి, వి ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తవ్వి, పక్క నుంచి పలుచగా మట్టి చెక్కండి. నీడలో ఆరబెట్టి అర కిలో ఉంచుకోండి.

అసలు పని చెడేది మట్టి కలిపే దగ్గర. ఎరువుల పరీక్షకు చేసినట్టే పొలమంతా తిరిగి పది చోట్ల మట్టి ఒకే బకెట్‌లో వేస్తారు. నత్రజని, భాస్వరం కోసం అయితే సరే. లోహాలు మాత్రం నీళ్లలోని సన్నటి బురదను పట్టుకుని వస్తాయి, మడవ (కాలువ నుంచి మడిలోకి నీళ్లు దిగే చోటు) దాటగానే నీటి వేగం తగ్గి ఆ బురద అక్కడే పేరుకుంటుంది. అన్నీ కలిపేస్తే మడవ దగ్గరి విషం చివరి మట్టిలో పలుచబడి రిపోర్టు 'పర్వాలేదు' అని వస్తుంది, రైతు అదే నమ్ముతాడు. అందుకే మడవ దగ్గర, మధ్యలో, చివర మూడు వేర్వేరు కవర్లు, ఎప్పుడూ మూసీ నీరు పారని బోరు మడి నుంచి నాలుగోది. తీసే వరుస కూడా ముఖ్యం: ముందు బోరు మడి, తర్వాత చివరి నుంచి మడవ వైపు రండి. ఎదురు వెళితే తాపీకి అంటిన బురద శుభ్రమైన మట్టిలో కలుస్తుంది. ప్రతిసారీ తాపీ తుడవండి, కవరు మీద చోటు అప్పుడే రాయండి, ఇంటికెళ్లాక గుర్తుండదు.

ల్యాబ్‌లో క్యాడ్మియం, సీసం, క్రోమియం, నికెల్, పీహెచ్ (మట్టి ఆమ్ల, క్షార గుణం) అని పేరుపేరునా అడగండి. ప్రభుత్వం ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డులోని 12 అంశాల్లో జింకు, రాగి ఉంటాయి గానీ సీసం, క్యాడ్మియం ఉండవు. సీసం ఎక్కువగా వేరులోనే ఆగిపోతుంది, క్యాడ్మియం ఆకులోకి ఎక్కుతుంది, అదీ ఆకు నిగనిగలాడుతున్నప్పుడు కూడా. రిపోర్టు వచ్చేదాకా మడవ దగ్గర పాలకూర వేయకండి, తినేది కాదు కాబట్టి బంతి పూలు వేసుకోండి.