విశాఖలో లోపలి రేడియేషన్‌కి ఎన్టీఆర్ వైద్య సేవ అప్రూవల్ ఎలా తీసుకోవాలి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కాస్త ముదిరిన దశలో బయటపడితే, బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ ఒక్కటే సరిపోదు. సాధారణంగా ఐదు వారాలు, సుమారు 25 సిట్టింగులు బయటి మెషీన్ మీద అయ్యాక, గడ్డ ఉన్న చోటనే సన్నని గొట్టాలు అమర్చి లోపలి నుంచి కూడా రేడియేషన్ ఇస్తారు. డాక్టర్లు రాసే పేరు బ్రాకీథెరపీ. వార్డుల్లో ఆడవాళ్ళు దీన్ని 'లోపల కరెంటు పెట్టడం' అంటారు. బయటిదీ లోపలిదీ కలిపి 8 వారాల్లోపు పూర్తి కావాలి. అంతకు మించి సాగితే జబ్బు మళ్ళీ తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. అందుకే లోపలి రేడియేషన్ కాగితాల పని చివర్లో చూసుకుందాం అనుకోకండి. బయటి రేడియేషన్ మొదలయ్యే రోజునే కదపండి.

ముందు ఆసుపత్రి సంగతి తేల్చుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువగా విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కో, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, నగరంలోని ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రులకో వెళ్తారు. ఎక్కడికి వెళ్ళినా మొదటి ఓపీ రోజే మూడు ప్రశ్నలు అడగండి. లోపలి రేడియేషన్ మెషీన్ ఇక్కడే ఉందా? ఆ చికిత్స ఈ ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద చేస్తారా? నా తేదీల్లో మెషీన్ అందుబాటులో ఉంటుందా? బయటి రేడియేషన్ ఇచ్చే ప్రతిచోటా లోపలి మెషీన్ ఉండదు. మూడో ప్రశ్నకీ కారణం ఉంది. ఈ మెషీన్లలో చాలావాటిలో రేడియేషన్ ఇచ్చే పదార్థం ఇరిడియం-192, దాని శక్తి సుమారు 74 రోజుల్లో సగానికి తగ్గిపోతుంది. మూడు నాలుగు నెలలకోసారి కొత్తది మార్చాల్సిందే, మార్చే రోజుల్లో సిట్టింగులు ఉండవు. వేరే ఆసుపత్రికి వెళ్ళక తప్పదంటే ఆ మాట ముందే తెలియాలి. అక్కడి తేదీ కూడా ముందే తీసుకోవాలి.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇప్పుడు మన రాష్ట్రంలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. దీనికి రోగి విడిగా నింపాల్సిన ఆన్‌లైన్ దరఖాస్తు ఏదీ లేదు. ఆసుపత్రిలో వైద్యమిత్ర, అంటే పథకం తరఫున రోగులకు సాయం చేసే ఉద్యోగి, కూర్చునే కౌంటర్ ఉంటుంది. అక్కడ పేరు నమోదు చేయించుకుంటే, ఆసుపత్రివాళ్ళే మీ రిపోర్టులు ఎక్కించి అప్రూవల్ అడుగుతారు. పథకం డాక్టర్లు చూసి అనుమతిస్తే చికిత్సకు మీరు డబ్బు కట్టక్కర్లేదు. అప్రూవల్ తెప్పిస్తానని మధ్యలో ఎవరైనా చెయ్యి చాపితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, 104కి ఫోన్ చేసి చెప్పండి.

కౌంటర్‌కి వెళ్ళేటప్పుడు బియ్యం కార్డు లేదా పథకం కార్డు, రోగి ఆధార్, ఆధార్‌కి లింకైన ఫోన్ దగ్గర పెట్టుకోండి. ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు, స్కానింగ్ రిపోర్టులు, డాక్టర్ రాసిన చికిత్స ప్లాన్ ఒరిజినల్స్‌తో పాటు రెండేసి జిరాక్సులు ఉంచండి. ప్లాన్‌లో 'బ్రాకీథెరపీ' అని, ఎన్ని సిట్టింగులో కూడా రాసి ఉందా లేదా మీరే చూసుకోండి. బయటి రేడియేషన్‌కి వచ్చిన అప్రూవల్‌లోనే లోపలిది కూడా ఉందా, దానికి విడిగా పంపాలా అన్నది వైద్యమిత్రని నోరు తెరిచి అడగండి. నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ముఖ్యమైన ప్రశ్న.

చాలామంది దగ్గర పని ఆగేది జబ్బు కాగితాల వల్ల కాదు, కార్డు వల్ల. అమ్మ పేరు కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటుంది. పెళ్ళయిన అమ్మాయి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటుంది. పొలం పని చేసి అరిగిన వేళ్ళకి వేలిముద్ర పడదు. పేరు తప్పులుంటే మీ ఊరి సచివాలయంలో వెంటనే అర్జీ పెట్టండి. ఈ పనికి రోగిని తిప్పొద్దు, ఇంట్లో ఇంకొకరు వెళ్ళండి. వేలిముద్ర పడకపోతే ఓటీపీ, కనుపాప లాంటి వేరే దారి ఉందా అని కౌంటర్‌లో అడగండి. కార్డే లేనివాళ్ళు ఆసుపత్రి నుంచి ఖర్చు అంచనా పత్రం తీసుకుని, ఎమ్మెల్యే లేదా ఎంపీ కార్యాలయం ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోవచ్చు. చికిత్సకు ముందే ఎల్‌ఓసీ, అంటే ఖర్చుకి ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం, ఇమ్మని అడగాలి.

ఇక చికిత్స రోజు. ముందుగా రక్త పరీక్షలు చూస్తారు. కడుపు ఖాళీగా రమ్మంటే అలాగే వెళ్ళండి. సాధారణంగా నడుముకి మత్తు ఇచ్చి గొట్టాలు అమర్చి, స్కాన్ తీసి లెక్క కడతారు. అందుకే సగం రోజు పైనే పడుతుంది గానీ, రేడియేషన్ నడిచేది కొద్ది నిమిషాలే. ఇంటికొచ్చాక పిల్లల్ని ముట్టుకోవచ్చా అన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. నిశ్చింతగా ముట్టుకోవచ్చు. సిట్టింగ్ అయిపోగానే ఆ ఇరిడియం మెషీన్‌లోకి వెనక్కి వెళ్ళిపోతుంది, ఒంట్లో రేడియేషన్ మిగలదు. థైరాయిడ్ క్యాన్సర్‌కి మందుగా ఇచ్చే అయోడిన్ సంగతి వేరు, దానికి కొన్నాళ్ళు ఎడంగా ఉండమంటారు. ఆ మాట విని ఈ అమ్మని మూల గదిలో కూర్చోబెట్టకండి.

పలాస, ఇచ్ఛాపురం నుంచి రైల్లో తిరిగేవాళ్ళు క్యాన్సర్ రోగుల రాయితీ ఫారం మీద డాక్టర్ సంతకం, ఆసుపత్రి ముద్ర వేయించుకోండి. తోడు వచ్చే ఒకరికీ రాయితీ ఉంటుంది. డిశ్చార్జ్ రోజున చికిత్స వివరాల పత్రం అడిగి తీసుకోండి. బయట ఎంత డోసు, లోపల ఎంత డోసు ఇచ్చారో అందులో ఉండాలి. తర్వాత ఎప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్ళినా అక్కడి డాక్టర్ ముందు అడిగేది ఆ లెక్కే.