క్రాష్ గార్డు బోల్టు రాలిపోతే

బైక్ క్రాష్ గార్డు క్లాంపు బోల్టు ఒకటి ఎక్కడో రాలిపోయింది. దానికోసం కొత్త కిట్ కొనక్కర్లేదు. శ్రీకాకుళంలో నట్లు, బోల్టులు అమ్మే కొట్టుకి మిగిలిన బోల్టు విప్పి పట్టుకెళ్లాను. అదే అసలు కొలత. "13 బోల్టు" అని అడిగితే పొరపాటే; 13 అనేది స్పానర్ సైజు, బోల్టు ఎం8 (కాడ మందం 8 మి.మీ.), పిచ్, అంటే థ్రెడ్ (మర) గీతల మధ్య దూరం, 1.25 మి.మీ. పొడవు తల కిందనుంచి కొలవాలి.

కొట్లోనే నట్టు వేళ్లతో తిప్పి చూడండి. రెండు చుట్లకే పట్టేస్తే పిచ్ తేడా. స్పానర్‌తో బలవంతం చేస్తే థ్రెడ్ పోతుంది. తలమీద 8.8 (బలం గ్రేడు) అని ఉన్న జింకు పూత బోల్టు, రెండు వాషర్లు, నైలాన్ రింగు నట్టు తీసుకున్నా. మామూలు నట్టు ఇంజన్ అదురుకి మళ్లీ వదులవుతుంది. బిగించాక నట్టు బయటికి రెండు థ్రెడ్‌లు కనపడాలి. ఈ నైలాన్ రింగు నట్టు విప్పితే మళ్లీ వాడొద్దు, రింగు పట్టు తగ్గిపోతుంది.