ప్రవాస ఉక్రెయిన్ ఉద్యమకారుల మీద కేజీబీ తెరిచిన ఫైళ్లను చదవడం ఎలా

టైపు చేసిన కాగితంలో మనుషుల పేర్లు మాత్రం సిరాతో, చేతిరాతలో కనబడితే కంగారు పడనవసరం లేదు. సోవియట్ రహస్య పోలీసు కార్యాలయాలలో అత్యంత రహస్యమైన నివేదికను టైపు కొట్టించేటప్పుడు పేర్లు ఉండవలసిన చోట ఖాళీ వదిలిపెట్టించి, తరువాత అధికారి తన కలంతో స్వయంగా నింపేవాడు. ఎవరి మీద నిఘా సాగుతున్నదో టైపిస్టుకు సైతం తెలియకూడదన్నది ఉద్దేశం. ఈ ఒక్క అలవాటు తెలిసి ఉంటే రష్యన్ అంతగా రానివారి చూపు కూడా నేరుగా సిరా ఉన్న చోటికి పోతుంది. హైదరాబాదులో ఇంట్లో కూర్చుని ఈ కాగితాలను కంప్యూటరు తెర మీద చదవాలనుకునే తెలుగు పాఠకుల కోసం, నేను తప్పులు చేస్తూ నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా కాగితాలు ఎక్కడ దొరుకుతాయో తెలుసుకోవాలి. 1917 నుంచి 1991 వరకు పనిచేసిన కమ్యూనిస్టు అణచివేత సంస్థల దస్తావేజులను అందరికీ తెరుస్తూ ఉక్రెయిన్ పార్లమెంటు 2015 ఏప్రిల్ 9న చట్టం చేసింది. కేజీబీ నుంచి వారసత్వంగా వచ్చిన ఫైళ్లలో ఎక్కువ భాగం కీవ్‌లో ఉక్రెయిన్ భద్రతా సేవ ఆర్కైవ్‌లో ఉన్నాయి; పరాయి దేశాలలో తలదాచుకున్నవారి మీద పనిచేసిన విభాగపు కాగితాల కోసం విదేశీ గూఢచార సేవ ఆర్కైవ్‌ను కూడా చూడాలి. స్కాన్ చేసిన వేలాది పత్రాలు విమోచనోద్యమ ఎలక్ట్రానిక్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి కనుక మొదలు అక్కడ పెట్టడం మంచిది. అయితే 1990 ప్రాంతంలో కేజీబీ పెద్ద ఎత్తున ఫైళ్లను తగలబెట్టిందనీ, మాస్కోలో ఉండిపోయినవి నేటికీ తాళం వెనకే ఉన్నాయనీ గుర్తుంచుకోవాలి. ఒక మనిషి మీద ఫైలు దొరకకపోతే అతని మీద నిఘా లేదని అర్థం కాదు.

మొదటిసారి చదివేవారు ముగింపు తెలిసిన కథను ఎంచుకోవాలని నా సలహా. ఉక్రెయిన్ జాతీయవాదుల సంస్థకు, అంటే ఓయూఎన్‌కు, నాయకుడైన యెవ్హేన్ కొనొవాలెత్స్ 1938 మే 23న రోటర్‌డామ్‌లో చాక్లెట్ల పెట్టెలో అమర్చిన బాంబు పేలి మరణించాడు. ఉద్యమంలోని మనిషిగా నటిస్తూ నమ్మకం సంపాదించి ఆ పెట్టెను చేతికిచ్చిన సోవియట్ గూఢచారి పావెల్ సుదొప్లాతోవ్, సోవియట్ యూనియన్ కూలిపోయాక తన జ్ఞాపకాలలో ఆ సంగతి తానే రాశాడు. మ్యూనిక్‌లో తలదాచుకున్న ఓయూఎన్ నాయకులు లెవ్ రేబెత్‌నూ 1957 అక్టోబర్ 12న, స్తెపాన్ బందేరానూ 1959 అక్టోబర్ 15న చంపినవాడు కేజీబీ ఏజెంటు బొహ్దాన్ స్తాషిన్‌స్కీ. ఇద్దరి ముఖం మీదా సైనైడ్ విషాన్ని ఒక గొట్టంతో చిమ్మాడు. రేబెత్‌ది గుండెపోటని అందరూ నమ్మారు. బెర్లిన్ గోడ లేచే ముందు రోజు, 1961 ఆగస్టు 12న, స్తాషిన్‌స్కీ భార్యతో సహా పశ్చిమ బెర్లిన్‌కు పారిపోయి నేరం ఒప్పుకున్న తరువాతే అసలు సంగతి బయటపడింది. 1962 అక్టోబర్‌లో కార్ల్స్‌రూహే కోర్టు అతనికి 8 ఏళ్ల శిక్ష వేస్తూ, అసలు దోషులు ఆజ్ఞలిచ్చిన మాస్కో పెద్దలని తేల్చింది. ఇలాంటి కేసులో కోర్టు రికార్డు ఒక చేతిలో ఉంటుంది గనుక, పోలీసు ఫైలు ఎక్కడ నోరు మూసుకున్నదో, ఎక్కడ కోతలు కోసిందో మనకు తెలిసిపోతుంది.

ఇక లిపి. రష్యన్‌కూ ఉక్రెయిన్ భాషకూ చెరి 33 అక్షరాలే. వారం రోజులు కూర్చుంటే పట్టుబడతాయి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద సోవియట్ కాలపు రష్యన్ నిఘంటువు 120 రూపాయలకు దొరికినప్పుడు నాకు లంకెబిందెలు దొరికినంత సంబరమయింది. పద్ధతిగా నేర్చుకోవాలనుకునేవారికి తార్నాకలోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో రష్యన్ శాఖ ఉంది. పేజీ ఏ భాషలో ఉందో అక్షరాలే చెబుతాయి: ఇంగ్లీషు ఐ అక్షరం లాగా ఒక చుక్క ఉన్న అక్షరంగానీ, దాని నెత్తి మీద రెండు చుక్కలుగానీ కనబడితే అది ఉక్రెయిన్ భాష. అధికారుల నివేదికలు ఎక్కువగా రష్యన్‌లోనే ఉంటాయి. ఉక్రెయిన్ భాషలో ఉన్న పుట తరచు దారిలో పట్టుకున్న ఉత్తరమో, స్వాధీనం చేసుకున్న కరపత్రమో అవుతుంది. పేర్ల విషయంలో నేను చాలాకాలం తికమకపడ్డాను. ఉక్రెయిన్ భాషలో 'హ' పలికే అక్షరాన్నే రష్యన్ 'గ'గా పలుకుతుంది, అందువల్ల బొహ్దాన్ కాస్తా బొగ్దాన్ అవుతాడు, యెవ్హేన్ యెవ్గేనీ అవుతాడు. ఇద్దరు వేర్వేరు మనుషులనుకుని రెండు కార్డులు రాసిపెట్టుకున్న రోజులున్నాయి.

సోవియట్ రహస్య పోలీసు సంస్థ పేరు కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది కనుక ఆ పేరు కూడా కాలాన్ని చెబుతుంది. తేదీ చిరిగిపోయిన కాగితం మీద ఎన్‌కేవీడీ అని ఉంటే అది 1934 తరువాతిది, ఎంజీబీ అని ఉంటే 1946కూ 1953కూ మధ్యది, కేజీబీ అని ఉంటే 1954 తరువాతిది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం మాటల మీద పెట్టాలి, ఎందుకంటే యంత్రానువాదం మనల్ని ముంచేది ఇక్కడే. ఫోన్‌లోని అనువాద యాప్ 'రజ్రబోత్క' అనే మాట కనబడగానే 'అభివృద్ధి' అని చెబుతుంది; పోలీసు భాషలో ఆ మాటకు ఒక మనిషి చుట్టూ ఏజెంట్లను నియమించి, ఉత్తరాలు విప్పి, స్నేహితులను లొంగదీసుకుని నడిపే నిఘా కార్యక్రమమని అర్థం. మ్యూనిక్‌లోని ఒక పత్రికా సంపాదకుడి 'అభివృద్ధి' కోసం కేజీబీ ఎందుకంత ఆరాటపడిందా అని నేను ఒక సాయంత్రమంతా బుర్ర గోక్కున్నాను. 'స్వ్యాజ్' అంటే యాప్‌కు సమాచార సౌకర్యం, అధికారికి మాత్రం ఆ మనిషితో రాకపోకలున్న వ్యక్తి. 'బంద్‌పసోబ్నిక్' అంటే బందిపోటుకు సాయపడినవాడు. అడవిలో ఉన్న తిరుగుబాటుదారుకు ఒక రాత్రి రొట్టె పెట్టిన ముసలమ్మ మీద కూడా ఆ ముద్ర పడింది. విదేశాలలో ఉన్న రచయిత అయినా, మాజీ మంత్రి అయినా, ఫైలులో అందరూ 'బూర్జువా జాతీయవాదులే'. గదర్ పార్టీలో చేరిన దరిశి చెంచయ్య వంటివారిని బ్రిటిష్ పోలీసులు ఏ భాషలో వర్ణించి ఉంటారో ఊహించగల తెలుగు పాఠకుడికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఒక ఏజెంటు నివేదికను ముందు పెట్టుకుందాం. కుడివైపు పైమూల 'సవెర్షేన్న సెక్రేత్న', అంటే పరమ రహస్యం, అన్న మాట, దాని కింద ఎన్నో ప్రతి అనే అంకె ఉంటాయి. ఎడమవైపు పైన ఏటవాలుగా పెన్సిలుతో గీసిన నాలుగు ముక్కలు పై అధికారి ఉత్తర్వు. నివేదిక కన్నా అది ముఖ్యం, ఎందుకంటే చదివినవాడు ఏం చేయమన్నాడో అక్కడే తెలుస్తుంది. ఏజెంటు అసలు పేరు ఉండదు, ఉల్లేఖన చిహ్నాల మధ్య మారుపేరు ఉంటుంది. నివేదిక చివర అధికారి రాసుకున్న వ్యాఖ్యను, ఏజెంటుకు అప్పగించిన తరువాతి పనిని తప్పక చదవాలి: ఏజెంటు చెప్పినదాన్ని అధికారి నమ్మాడా లేదా అన్నది అక్కడ బయటపడుతుంది. ఏజెంటుకు జీతం నిలబెట్టుకోవాలన్న తొందర, అధికారికి పై వాళ్లకు పని చూపాలన్న తొందర; ప్రవాసంలో ఉన్న పదిమంది టీ తాగుతూ కూర్చున్న సమావేశం ఆ రెండు తొందరల మధ్య నలిగి కుట్రగా మారిపోవచ్చు. మన పోలీసు స్టేషన్లలో ఒకసారి తెరిచిన రౌడీషీటును మూయించడం ఎంత కష్టమో తెలిసినవారికి, ఏ పనీ లేకపోయినా ఏళ్ల తరబడి లావెక్కే ఫైలు ఆశ్చర్యం కలిగించదు.

ఒక్క ఫైలునే నమ్మకూడదు. మిరోన్ మత్వియేయ్కో అనే ఓయూఎన్ భద్రతా విభాగపు అధిపతి 1951లో బ్రిటిష్ వారి సాయంతో పారాచూట్‌లో దిగి సోవియట్‌లకు దొరికిపోయిన తరువాత, ఏళ్ల పాటు అతని పేరుతో మ్యూనిక్‌కు రేడియో సందేశాలు వెళుతూనే ఉన్నాయి. వాటిని రాయించినది సోవియట్ భద్రతా సంస్థే. కనుక ప్రవాసులు దాచుకున్న కాగితాలలో కూడా శత్రువు రాసిన వాక్యాలు ఉంటాయి. అమెరికాలో 1998 నాటి చట్టం వల్ల సీఐఏ బయటపెట్టిన పత్రాలు, ముఖ్యంగా ఓయూఎన్ నాయకుడు మికోలా లేబెద్ మీదా న్యూయార్క్‌లోని ప్రవాస ఉక్రెయిన్ ప్రచురణ సంస్థ ప్రొలోగ్ మీదా ఉన్నవి, సీఐఏ వెబ్‌సైటులోనే చదవవచ్చు. ఒకే సంఘటనకు కీవ్ కాగితం, సీఐఏ కాగితం, అప్పటి పత్రికా వార్త మూడింటినీ తేదీ వరుసలో ఒక పుటలో రాసుకోవాలి. బందేరా మరణాన్ని పశ్చిమ జర్మనీ మంత్రి థియోడోర్ ఓబర్లెండర్ మీదికి నెట్టడానికి సోవియట్ ప్రచారం చేసిన ప్రయత్నం అలా వరుసలో పెడితేనే స్పష్టంగా కనబడుతుంది.

దీనికి రెండో పక్క కూడా ఉంది. రాసినది కేజీబీ కనుక అంతా అబద్ధమేనని కొట్టిపారేసే పాఠకులు నాకు తారసపడ్డారు. 1943లో వొలీనియా ప్రాంతంలో పోలిష్ గ్రామస్థులను ఉక్రెయిన్ తిరుగుబాటు సైన్యం ఊచకోత కోసిందన్నది పోలిష్ సాక్ష్యాలతో కూడా రుజువైన విషయం. దానిని ప్రస్తావించిన సోవియట్ పత్రం ప్రచారం కోసమే రాసినదైనా, ఆ సంఘటన కల్పన అయిపోదు.

నమోదు చేసుకునే పద్ధతి మాత్రం మొదటి రోజు నుంచే సరిగా ఉండాలి. ఫోంద్, ఓపిస్, స్ప్రావా, అర్కుష్ అనే నాలుగు అంకెలు, అంటే సంచయం, జాబితా, ఫైలు, పుట, ప్రతి కార్డు మీద అదే వరుసలో రాయాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్తావేజులు చూసినవారికి ఈ అలవాటు కొత్త కాదు. ఫైలు ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి మారినప్పుడల్లా పుటలకు మళ్లీ అంకెలు వేశారు గనుక, ఒక్కొక్క పుట మూల మీద రెండు మూడు అంకెలు కొట్టివేసి ఉంటాయి. కొట్టివేయకుండా మిగిలిన అంకెనే వాడాలి, పాతవాటిని పక్కన చిన్నగా రాసిపెట్టుకోవాలి. వాటి వరుసలో ఒకటి రెండు తప్పిపోతే, మధ్యలో ఏదో పుటను ఎప్పుడో ఎవరో తీసేశారని అర్థం.