లినక్స్‌లో విండోస్ గేమ్‌లు: ప్రోటాన్‌తో ఆడాలా, డ్యుయల్ బూట్ పెట్టుకోవాలా?

లినక్స్ వేసుకున్నాక విండోస్‌ను పూర్తిగా తీసేయాలా, పక్కన ఉంచుకుని డ్యుయల్ బూట్ (ఒకే కంప్యూటర్‌లో రెండు వ్యవస్థలు ఉంచి, ఆన్ చేసినప్పుడు ఒకటి ఎంచుకోవడం) పెట్టుకోవాలా అని నిర్ణయించే ముందు, గత ఏడాది కాలంలో మీరు నిజంగా ఆడిన గేమ్‌ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. కొని పెట్టుకుని ఎన్నడూ తెరవనివి ఈ జాబితాలోకి రానక్కర్లేదు. చాలామంది ఈ ప్రశ్నను వేగం కోణం నుంచి, అంటే ఏ వ్యవస్థలో ఎన్ని ఫ్రేములు వస్తాయన్న కోణం నుంచి చూస్తారు గాని, నా అభిప్రాయంలో అది తర్వాత చూసుకోవలసిన విషయం. మీరు రోజూ ఆడే గేమ్ లినక్స్ వినియోగదారులను తన సర్వర్లలోకి రానివ్వకపోతే ఫ్రేములు ఎన్ని వచ్చినా ప్రయోజనం లేదు. అన్నీ రానిచ్చేవే అయితే డిస్కును పంచి రెండు వ్యవస్థలను నిర్వహించవలసిన అవసరమే ఉండదు.

విండోస్ కోసం తయారైన గేమ్ లినక్స్‌లో ఎలా నడుస్తుందో కొంత తెలిస్తే, ఇబ్బంది ఎక్కడ వస్తుందో ముందే ఊహించవచ్చు. 1993లో మొదలైన వైన్ ప్రాజెక్టు కంప్యూటర్‌లో మరో కంప్యూటర్‌ను సృష్టించదు. ఫైలు తెరవడం, కిటికీ గీయడం, శబ్దం వినిపించడం వంటి పనులకు గేమ్ విండోస్‌ను అడిగినప్పుడు, ఆ అడిగినదాన్ని అందుకుని లినక్స్ పద్ధతిలో చేసి పెడుతుంది. గేమ్‌లోని ఆదేశాలు ప్రాసెసర్ మీద నేరుగానే నడుస్తాయి కాబట్టి వేగం పెద్దగా తగ్గదు. వాల్వ్ సంస్థ 2018 ఆగస్టులో ఈ వైన్‌కు మరికొన్ని భాగాలు చేర్చి, ప్రోటాన్ పేరుతో తన గేమ్‌ల దుకాణమైన స్టీమ్‌లోనే అందించడం మొదలుపెట్టింది. వాటిలో ముఖ్యమైన డీఎక్స్‌వీకే, విండోస్ గేమ్‌లు బొమ్మలు గీయడానికి వాడే డైరెక్ట్‌3డీ 9, 10, 11 ఆదేశాలను, లినక్స్‌లోనూ పనిచేసే వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతిలోకి మారుస్తుంది. డైరెక్ట్‌3డీ 12 కోసం వీకేడీ3డీ-ప్రోటాన్ అదే పని చేస్తుంది. 2022 ఫిబ్రవరిలో మార్కెట్లోకి వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే వాల్వ్ పరికరం స్టీమ్ డెక్ కూడా లినక్స్ మీదే నడుస్తుంది కాబట్టి, ఇప్పుడు చాలా సంస్థలు తమ గేమ్ ప్రోటాన్‌లో నడుస్తుందో లేదో విడుదలకు ముందే సరిచూసుకుంటున్నాయి. ఒంటరిగా ఆడే గేమ్‌లలో అత్యధికం ఈరోజు ఏ సర్దుబాటూ లేకుండానే నడవడానికి ఈ శ్రమంతా కారణం.

అసలు చిక్కు ఆన్‌లైన్ పోటీ గేమ్‌లలోని యాంటీ-చీట్‌తో వస్తుంది. మోసాలను పట్టుకునే ఈ ప్రోగ్రాములలో కొన్ని విండోస్ కెర్నెల్ (వ్యవస్థ మూల భాగం) లోపల డ్రైవర్‌గా కూర్చుని, మెమొరీని, ఇతర డ్రైవర్లను పరిశీలిస్తుంటాయి. వైన్ అందించేది అప్లికేషన్ల స్థాయి సేవలు మాత్రమే కాబట్టి, అలాంటి డ్రైవర్ కూర్చోవడానికి అక్కడ విండోస్ కెర్నెల్ అనేదే ఉండదు. వాలరెంట్, లీగ్ ఆఫ్ లెజెండ్స్ వాడే వ్యాన్‌గార్డ్ ఈ కోవకే చెందుతుంది. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ సంగతి వేరు. 2021 నుంచి ఈ రెండింటికీ ప్రోటాన్‌లో పనిచేసే వెసులుబాటు ఉంది, అయితే దాన్ని అనుమతించాలా వద్దా అన్నది ఆయా గేమ్ తయారీదారుల చేతిలోనే ఉంది. అందువల్ల ఒకే యాంటీ-చీట్ వాడే రెండు గేమ్‌లలో ఒకటి నడిచి మరొకటి నడవకపోవడం మామూలే. ఇచ్చిన అనుమతి వెనక్కి పోవచ్చు కూడా. కొన్నేళ్లు లినక్స్‌లో చక్కగా నడిచిన అపెక్స్ లెజెండ్స్‌కు 2024 అక్టోబరు చివర్లో ఆ దారి మూసేశారు. డబ్బు, సమయం వెచ్చించి ఆడుతున్నవారికి ఇది బాధాకరమైన విషయమే గాని, నిర్ణయం తీసుకునేటప్పుడు లెక్కలోకి తీసుకోక తప్పదు. యాంటీ-చీట్‌ను ఏమార్చే చిట్కాలు ఎక్కడైనా కనిపిస్తే వాటి జోలికి వెళ్లకండి, ఖాతాను శాశ్వతంగా నిషేధించే ప్రమాదం ఉంది. లినక్స్ లోపలే మరో కంప్యూటర్‌లా పనిచేసే వర్చువల్ మెషీన్‌లో విండోస్ నడిపితే సరిపోతుందని కొందరు అనుకుంటారు, కాని కఠినమైన యాంటీ-చీట్‌లు దాన్నీ గుర్తించి తిరస్కరిస్తాయి.

కాబట్టి జాబితాలోని ప్రతి గేమ్‌ను ప్రోటాన్‌డీబీ అనే సైటులో వెతకండి. అక్కడ ఆటగాళ్లు తమ అనుభవాలను ప్లాటినం, గోల్డ్ వంటి శ్రేణులతో నమోదు చేస్తారు. శ్రేణిని మాత్రమే చూసి ఆగిపోకుండా, ఇటీవలి నెలల్లో రాసినవాటిని, అందులోనూ మీ గ్రాఫిక్స్ కార్డు తరహా వాడేవారు రాసినవాటిని చదవండి. ఆన్‌లైన్ గేమ్‌ల విషయంలో 'ఆర్ వీ యాంటీ-చీట్ యెట్' అనే సైటు మరింత సూటిగా సమాధానం ఇస్తుంది.

జాబితా అంతా అనుకూలంగా తేలితే, మొదట గ్రాఫిక్స్ డ్రైవర్ సరిచూసుకోండి. ఏఎండీ, ఇంటెల్ కార్డులకు మెసా అనే డ్రైవర్లు డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ రూపం)తోనే వస్తాయి, కొత్త కార్డు కొన్నవారు మాత్రం కెర్నెల్, మెసా రెండూ తాజావి ఉన్న డిస్ట్రోను ఎంచుకోవాలి. ఎన్విడియా కార్డుకు ఆ సంస్థ సొంత డ్రైవర్‌ను డిస్ట్రో రిపాజిటరీ (ఆ డిస్ట్రో సొంత సాఫ్ట్‌వేర్ భాండాగారం) నుంచే వేసుకోవడం మంచిది. ఈ కార్డుల మీద డైరెక్ట్‌3డీ 12 గేమ్‌లు విండోస్‌లో కన్నా కొంత నెమ్మదించడం తరచూ కనిపిస్తుంది. ఉబుంటులో స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వచ్చే స్టీమ్ కన్నా వాల్వ్ ఇచ్చే డెబ్ ప్యాకేజీనే నేను సూచిస్తాను. తర్వాత స్టీమ్ సెట్టింగ్స్‌లోని కంపాటిబిలిటీ విభాగంలో, అన్ని గేమ్‌లకూ స్టీమ్ ప్లే (ప్రోటాన్‌తో గేమ్‌లను నడిపే సౌకర్యం) వాడే ఎంపిక కనిపిస్తే దాన్ని ఆన్ చేయండి. ఏదైనా గేమ్ తెరుచుకోకపోతే, దాని ప్రాపర్టీస్‌లోని ఇదే విభాగంలో ప్రోటాన్ వెర్షన్ మార్చి చూడండి. వాల్వ్ ప్రయోగాత్మక వెర్షన్ అయిన ప్రోటాన్ ఎక్స్‌పెరిమెంటల్, ఆ తర్వాత ప్రోటాన్‌అప్-క్యూటీ అనే ప్రోగ్రాము ద్వారా వేసుకునే, బయటివారు తయారుచేసే ప్రోటాన్-జీఈ, ఈ వరుసలో ప్రయత్నిస్తే చాలా సమస్యలు తీరతాయి. ఎపిక్, జీఓజీ దుకాణాల గేమ్‌లకు హీరోయిక్ లాంచర్ ఉంది, మిగతావాటికి లూట్రిస్ ఉపయోగపడుతుంది.

గేమ్‌లను ఉంచే డిస్కు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. విండోస్‌లో ఇప్పటికే దిగుమతి చేసుకున్న గేమ్‌లు ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లను ఉంచే పద్ధతి) పార్టిషన్‌నే, అంటే ఆ డిస్కు భాగాన్నే, లినక్స్‌లోని స్టీమ్‌కూ చూపించాలన్న కోరిక సహజమే. కాని ప్రోటాన్ ప్రతి గేమ్‌కూ సృష్టించే ఫోల్డర్లలో కోలన్ గుర్తు ఉన్న పేర్లు ఉంటాయి, విండోస్ అలాంటి పేర్లను ఒప్పుకోదు. దానివల్ల గేమ్ తెరుచుకోకపోవడం మొదలుకొని డిస్కులో లోపాలు తలెత్తడం దాకా ఏదైనా జరగవచ్చు. లినక్స్ సొంత పద్ధతులైన ఈఎక్స్‌టీ4 లేదా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పార్టిషన్‌లో మళ్లీ దిగుమతి చేసుకోవడమే క్షేమం.

జాబితాలో వదులుకోలేని గేమ్ ఒక్కటైనా లినక్స్‌లో నడవదని తేలితే డ్యుయల్ బూట్ పెట్టుకోండి. సాధ్యమైతే రెండు వ్యవస్థలకూ రెండు వేర్వేరు ఎస్‌ఎస్‌డీలు వాడండి. లినక్స్ వేసేటప్పుడు విండోస్ ఉన్న డిస్కును తీసి పక్కన పెడితే, ఒక్కో డిస్కులో దాని సొంత ఈఎఫ్‌ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లు ఉండే భాగం) ఏర్పడి, ఒకదాని అప్‌డేట్ మరొకదాని బూట్‌లోడర్‌ను (వ్యవస్థను మొదలుపెట్టే ప్రోగ్రామును) చెరిపే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ఏది కావాలో కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఫర్మ్‌వేర్ బూట్ మెనూలో ఎంచుకోవచ్చు. ఒకే డిస్కు ఉన్నవారు ముందు విండోస్ ఉండగా దాని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే పార్టిషన్‌ను కుదించి, ఆ ఖాళీ స్థలంలో లినక్స్ వేసుకోవాలి. ఏ పద్ధతిలోనైనా బ్యాకప్ తీసుకోకుండా మొదలుపెట్టకండి. విండోస్ 11 ఉన్న చాలా కంప్యూటర్లలో డిస్కు ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అయి ఉంటుంది కాబట్టి, ఆ ఎన్‌క్రిప్షన్‌ను తెరిచే బిట్‌లాకర్ రికవరీ కీని ముందే వేరేచోట రాసి పెట్టుకోండి. బూట్ ఏర్పాట్లు మారినప్పుడు విండోస్ ఆ కీని అడగవచ్చు. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ సెట్టింగ్‌ను కూడా ఆపేయాలి. అది ఆన్‌లో ఉన్నంతకాలం షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, దాని పార్టిషన్‌ను లినక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవదు.

సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్‌ను ఆపేయమని పాత సూచనలు చాలాచోట్ల కనిపిస్తాయి. యాంటీ-చీట్ కోసం విండోస్ ఉంచుకునేవారు దాన్ని పాటించకూడదు, ఎందుకంటే విండోస్ 11లో వాలరెంట్‌కు సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 (భద్రతా చిప్) రెండూ తప్పనిసరి. ఉబుంటు, ఫెడోరా వంటి డిస్ట్రోలు సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే ఇన్‌స్టాల్ అవుతాయి. ఎన్విడియా డ్రైవర్ వేసేటప్పుడు మాత్రం ఒక కీని నమోదు చేయమని అడగవచ్చు. అప్పుడు పెట్టిన పాస్‌వర్డ్‌ను రీస్టార్ట్‌లో కనిపించే నీలి తెర మీద ఇచ్చి నమోదు పూర్తి చేయాలి. ఆ తెరను దాటవేస్తే డ్రైవర్ లోడ్ కాదు.

రెండు వ్యవస్థల మధ్య మారినప్పుడల్లా గడియారం తప్పు చూపుతుంటే, విండోస్ హార్డ్‌వేర్ గడియారంలో స్థానిక సమయాన్ని, లినక్స్ యూటీసీని (ప్రపంచ ప్రామాణిక సమయాన్ని) ఉంచడమే కారణం. రెంటిలో ఒకదాన్ని రెండోదానికి అనుగుణంగా మార్చితే సరిపోతుంది.

సేవ్ ఫైళ్ల విషయానికొస్తే, స్టీమ్ క్లౌడ్ ఉన్న చాలా గేమ్‌లకు అవి రెండువైపులా వాటంతట అవే చేరతాయి. ఆ సౌకర్యం లేనివాటి సేవ్‌లను విండోస్‌లోని డాక్యుమెంట్స్, సేవ్డ్ గేమ్స్, యాప్‌డేటా ఫోల్డర్లలో వెతికి బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. లినక్స్‌లో ఆ గేమ్‌ను ఒకసారి తెరిచి మూసేస్తే, స్టీమ్ లైబ్రరీలోని కంపాట్‌డేటా ఫోల్డర్‌లో దాని సంఖ్యతో ఒక ఫోల్డర్ ఏర్పడుతుంది. అందులో స్టీమ్‌యూజర్ అనే వినియోగదారు పేరు కింద విండోస్‌లో ఉన్న ఫోల్డర్ల అమరికే కనిపిస్తుంది కాబట్టి, సేవ్‌లను అదే చోట ఉంచండి. విండోస్‌ను పూర్తిగా తొలగించాలనుకున్నవారు, ఈ సేవ్‌లు లినక్స్‌లో తెరుచుకున్నాయని చూసుకున్న తర్వాతే ఆ పార్టిషన్‌ను చెరపాలి.