పాము రోబో తయారీ – 3వ పాఠం: ఎనిమిది కీళ్లలో ఒక అల

గత పాఠంలో తొమ్మిది లింకులను (ఒంటి ముక్కలను) ఎనిమిది సర్వోలతో, అంటే చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్లతో, కలిపాం. కీళ్లన్నీ కుడి ఎడమలకు మాత్రమే వంగేలా బిగించి, ఒక్కో లింకు కింద మోటారు లేని చిన్న చక్రాల జత పెట్టాం. ఈసారి దాన్ని ముందుకు నడిపిద్దాం. కోడ్ పది పన్నెండు లైన్లకు మించదు. కానీ కోడ్ జోలికి వెళ్లే ముందు నేల సంగతి చూడాలి. పాము రోబో చేసేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే: సర్వోలు చక్కగా ఊగుతుంటాయి, రోబో మాత్రం ఉన్నచోటే మెలికలు తిరుగుతుంటుంది.

పొలం గట్టు మీద జెర్రిపోతు ఎంత వేగంగా పోతుందో చూసే ఉంటారు. అదే పాము నున్నటి టైల్స్ మీదకు వస్తే పట్టు దొరక్క అటూ ఇటూ జారిపోతూ అవస్థ పడుతుంది. కండరాలు అవే, మారింది నేలే.

ఒళ్లు వంగినప్పుడు ప్రతి భాగమూ నేలను ఏటవాలుగా నెడుతుంది. నేల దాన్ని పక్కకు జారనివ్వకపోతే, తిరిగి నేల ఇచ్చే తోపులో కొంత ముందుకు, కొంత పక్కకు ఉంటుంది. ఒక వంపులో కుడికి ఉన్న తోపును పక్క వంపులో ఎడమకు ఉన్న తోపు రద్దు చేస్తుంది. ముందుకు తోసేది మాత్రం మిగులుతుంది. అంటే మనకు కావాల్సింది ముందుకు సులువుగా జారి, పక్కకు మొరాయించే ఒళ్లు. పాముకు ఆ పని పొట్టకింది పొలుసులు చేస్తాయి. 2009లో పరిశోధకుడు డేవిడ్ హూ బృందం ప్రచురించిన కొలతల ప్రకారం పాముకు పక్కకు రాపిడి ముందుకంటే దాదాపు రెట్టింపు ఉంటుంది. మనకు ఆ పని చక్రాలు చేస్తాయి. ఎడ్లబండి చక్రం ముందుకు ఇట్టే దొర్లుతుంది, పక్కకు నెడితే మాత్రం కదలదు కదా.

1972 చివర్లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో షిగెయో హిరోసే నడిపిన మొట్టమొదటి పాము రోబో కూడా ఇలా మోటారు లేని చక్రాల మీదే నడిచింది. 2 మీటర్ల పొడవు, 20 కీళ్లు, సెకనుకు దాదాపు 40 సెంటీమీటర్ల వేగం. ఒక్క చక్రాన్నీ తిప్పకుండా, ఒట్టి వంపులతో సాధించిన వేగం అది! ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

కాబట్టి మొదటి పని: కరెంటు ఇవ్వకుండా రోబోను తిన్నగా పరిచి, స్ప్రింగ్ కాటా తగిలించి ముందుకు లాగండి. కదలడం మొదలైనప్పుడు కాటా ఎంత చూపిస్తోందో రాసుకోండి. తర్వాత నడిమి లింకుకు తగిలించి పక్కకు లాగండి. పక్కకు కనీసం మూడు నాలుగు రెట్లు ఎక్కువ బలం పట్టాలి. అంత తేడా రాకపోతే చక్రాల ప్లాస్టిక్ నున్నగా ఉందన్నమాట. సైకిల్ ట్యూబు నుంచి సన్నటి రింగులు కోసి చక్రాలకు తొడగండి. ఈ పరీక్ష పాస్ కాకుండా ముందుకు వెళ్లొద్దు, కోడ్‌తో ఎంత కుస్తీ పట్టినా ఉపయోగం ఉండదు.

ఇక అల సంగతి. తల దగ్గరి కీలుకు 0, తోక దగ్గరి దానికి 7 అని నంబర్లు వేసుకుందాం. ఏ క్షణంలోనైనా ఒక కీలు కోణం ఇది:

కోణం = ఎత్తు × సైన్ (వేగం × సమయం − కీలు నంబరు × తేడా) + మలుపు

ఎత్తు అంటే కీలు ఒక్కోవైపుకు ఎంత వరకు వంగాలో ఆ కోణం. తేడా అంటే ఒక కీలు ఊపు కంటే దాని వెనక కీలు ఊపు ఎంత వెనకబడాలో ఆ కోణం. మలుపు సంగతి చివర్లో చూద్దాం. ఎత్తు 30 డిగ్రీలు, తేడా 45 డిగ్రీలు, మలుపు 0 పెట్టండి. వేగం అంటే సెకనుకు 180 డిగ్రీలు, అంటే రెండు సెకన్లకు ఒక పూర్తి ఊపు. 45ను 8తో గుణిస్తే 360, అంటే ఒంటి నిండా సరిగ్గా ఒక అల పడుతుంది. సమయం 0 దగ్గర 0వ కీలు నుంచి వరుసగా కోణాలు ఇలా రావాలి: 0, −21.2, −30, −21.2, 0, 21.2, 30, 21.2. కోడ్ రాశాక ముందు ఈ ఎనిమిది అంకెలూ స్క్రీన్ మీద వస్తున్నాయో లేదో చూసుకోండి, ఆ తర్వాతే సర్వోలకు పంపండి. సర్వోకు నడిమి స్థానం 90 కాబట్టి ప్రతి దానికీ 90 కలపాలి.

ఫార్ములాలో ఆ మైనస్ గుర్తు ముఖ్యం. దాని వల్లే అల తల నుంచి తోకకు పాకుతుంది, రోబో తలవైపు కదులుతుంది. ప్లస్ పెడితే వెనక్కి నడుస్తుంది.

వేగం పెంచాలని ఉబలాటపడొద్దు. ఈ అంకెలతో సర్వో అత్యధికంగా సెకనుకు 94 డిగ్రీలు తిరగాలి. 60 డిగ్రీలకు 0.2 సెకన్లని సర్వో వివరాల్లో ఉంటే అది సెకనుకు 300 డిగ్రీలు, అదీ బరువు లేనప్పుడు. అందులో సగం లోపే వాడుకుంటే మంచిది. కరెంటు విషయంలోనూ జాగ్రత్త. మెటల్ గేర్ సర్వో ఇరుక్కుంటే ఒక్కటే 2 ఆంపియర్లకు పైగా లాగగలదు. అందుకే సర్వోలకు విడిగా బ్యాటరీ ఇచ్చి, గ్రౌండ్ (నెగటివ్) వైరు మాత్రం కోడ్ నడిపే బోర్డుతో కలపండి. ఎత్తును మొదటి రెండు సెకన్లలో 0 నుంచి 30కి మెల్లగా పెంచండి. అన్నీ ఒక్కసారి ఉలిక్కిపడి లేస్తే వోల్టేజ్ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది.

నడక మొదలయ్యాక ఒక పరీక్ష. గచ్చు మీద ముగ్గు పిండి చాలా పలచగా చల్లి, దాని మీదుగా రోబోను పోనివ్వండి. తర్వాత వంగి దగ్గరగా చూడండి. అల కుదిరితే తల వెళ్లిన దారిలోనే మిగతా లింకులూ వెళ్తాయి, ఒకే మెలికల బాటలో సన్నటి చక్రాల గీతలు కనిపిస్తాయి. పిండి వెడల్పుగా చెరిగిపోయి ఉంటే రోబో పక్కకు జారుతోందన్నమాట. చెరుపు తోక దగ్గర మాత్రమే ఉంటే చివరి రెండు లింకుల బరువు చాలడం లేదు, బ్యాటరీని కాస్త వెనక్కి జరపండి. ఒళ్లంతా చెరుపు ఉంటే మళ్లీ చక్రాల రబ్బరు చూడండి. ప్రతిసారీ చక్రాలు తుడవడం మరవొద్దు, పిండి అంటుకుంటే పట్టు పోతుంది.

మలుపు తిప్పడం చాలా తేలిక. పైన రాసిన ఎనిమిది కోణాలనూ కలిపి చూడండి, మొత్తం 0 వస్తుంది. అంటే తల లింకు, తోక లింకు ఒకే దిక్కుకు ఉంటాయి, రోబో సూటిగా పోతుంది. మలుపు దగ్గర 5 వేస్తే మొత్తం 40 అవుతుంది. ఒళ్లంతా ఒకవైపుకు 40 డిగ్రీలు వంగి, ఆ వంపు వెంటే రోబో తిరుగుతుంది. −5 వేస్తే రెండోవైపుకు. ఆ 5ను కూడా ఒక్కసారిగా కాకుండా మెల్లగా ఇవ్వండి.

వచ్చే పాఠానికి అభ్యాసం: తేడాను 30, 45, 60 డిగ్రీలుగా మార్చి, ఒక్కోదానికి పది ఊపుల్లో రోబో ఎంత దూరం పోయిందో టేపుతో కొలిచి పట్టిక రాయండి. 30 దగ్గర ఒంట్లో పూర్తి అల పట్టదు, తల ఎలా ఊగుతుందో గమనించండి. అది పూర్తయ్యాక 1, 3, 5, 7 కీళ్లను విప్పి, 90 డిగ్రీలు తిప్పి, పైకీ కిందికీ వంగేలా బిగించి పెట్టుకోండి. చక్రాలు తీసేయండి. మన దగ్గర చిన్నపింజర ఇసుకలో పక్కవాటుగా పాకే తీరును వచ్చే పాఠంలో ఈ కీళ్లతోనే చేయబోతున్నాం.