ఐర్లండ్‌కి కొత్తా? ఒక సాయంత్రం జిగ్ వినండి

పీపీఎస్ నంబరు (ప్రభుత్వ గుర్తింపు సంఖ్య), లీప్ కార్డు (బస్సు, రైలు కార్డు), అద్దె ఇల్లు... ఈ సంగతులు మీకు ఎవరో ఒకరు చెప్తారు. నేను చెప్పేది ఎవరూ చెప్పనిది: ఆ టెన్షన్లు కాస్త తగ్గాక ఒక సాయంత్రం పబ్బుకెళ్లి జిగ్ వినండి. జిగ్ అంటే ఇక్కడి సంప్రదాయ నాట్య బాణీల్లో ఒక రకం. తాగే అలవాటు లేదా? ఓ లైమ్ సోడా తెచ్చుకుని కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు. పిల్లలనైతే రాత్రి 9లోపు బయటికి తెచ్చేయాలి. మే నుంచి సెప్టెంబరు దాకా 10 వరకు ఉండొచ్చు.

డబ్లిన్‌లో ఉంటే స్మిత్‌ఫీల్డ్‌లోని కాబుల్‌స్టోన్ అనే పబ్బుకి వెళ్లండి. క్లేర్ కౌంటీ వైపు వెళ్తే డూలిన్ అనే ఊరు. స్టేజీ, టికెట్ లాంటివేం ఉండవు. ఓ మూల బల్ల చుట్టూ వాయించేవాళ్లు ఫిడేలు, చెక్క ఫ్లూటు, కన్సర్టీనా (చేతిలో పట్టే చిన్న తిత్తి వాద్యం) పట్టుకుని కూర్చుంటారు. దీన్ని సెషన్ అంటారు.

మొదట్లో నాకు అన్నీ ఒకటే పాటలా వినిపించేవి. కూచిపూడి నేర్చుకున్న మా రూమ్మేట్ ఒకరోజు బల్ల మీద వేళ్లతో ‘తకిట తకిట’ అని వేసింది. అప్పుడు దొరికింది నాకు. జిగ్ అంటే మూడేసి చొప్పున ఆరు, మన తిశ్రగతే! ‘తకధిమి’ అని నాలుగులో పరిగెత్తితే అది రీల్ అనే ఇంకో రకం. మూడు తకిటలు వరసగా వస్తే స్లిప్ జిగ్. ఇక్కడివాళ్లు జిగ్ లెక్కని ‘రాషర్స్ అండ్ సాసేజెస్’ అని నోటితో చెప్పుకుంటారు. రాషర్స్ అంటే పంది మాంసం ముక్కలు లెండి.

అయితే జిగ్ తకిటలోని ఆ మూడు దెబ్బలూ సమానంగా పడవు. మొదటిది కాస్త సాగుతుంది, రెండోది తేలిపోతుంది, మూడోది ముందుకి తోస్తుంది. మనకి తెలియకుండానే కాలు ఆడేది అందుకే. పాట చూస్తే చిన్నది: రెండు భాగాలు, ఒక్కోటి రెండేసి సార్లు, అంతా కలిపి అర నిమిషం పైన. దాన్నే రెండు మూడు సార్లు తిప్పి, ఆపకుండా ఇంకో జిగ్‌లోకి దూకుతారు. ఆ దూకే చోట ఎవరో ఒకరు ‘హప్!’ అంటారు. నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే.

ఖాళీ కుర్చీ కనబడిందని బల్ల దగ్గర కూర్చోకండి. నేను కూర్చున్నాను. అది ఫ్లూటాయనది, సిగరెట్‌కి బయటికెళ్లాడట. ఆయన నవ్వుతూ నిలబడే ఉన్నాడు, నాకేమో చెమటలు. చప్పట్లతో తాళం కూడా వేయకండి. మన చేతులు వేగం పెంచేస్తాయి. మన డప్పులాంటి బౌరాన్ ఒకటుంటుంది. అది కూడా ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు తీయరు, కాబట్టి కంజీర పట్టుకెళ్లేముందు అడగండి.

నేర్చుకోవాలనిపిస్తే ఐరిష్ సంప్రదాయ సంగీతం నేర్పే కోల్తస్ అనే సంస్థ శాఖలు ఊరూరా ఉన్నాయి. టిన్ విజిల్ (చిన్న రేకు పిల్లనగ్రోవి) చవక. కొనేటప్పుడు డీ శ్రుతిది అడగండి, సెషన్లలో వాయించేవి ఎక్కువగా దానికే అందుతాయి.